తాడు విసిరే కెప్టెన్

మార్ల్ కీ దీవి చుట్టుపక్కల కెప్టెన్ రాయ్‌డెల్ కంటపడిన పడవేదీ తనంతట తాను ఒడ్డుకు చేరేది కాదు. ఆయనే వెళ్ళి రక్షించి తెచ్చేవాడు. ఆపద ఉందా లేదా అన్నది ఆయన దృష్టిలో చాలా చిన్న విషయం.

అంతకుముందు ఆ దీవికి కోస్ట్‌గార్డ్ లేదు. చీకటి పడుతున్నా ఎవరైనా తిరిగి రాకపోతే ఇంట్లోవాళ్ళు శంఖం ఊదేవారు. ఉన్న పడవలన్నీ బయల్దేరేవి. ఒక ఏడాది గవర్నరుగారి కార్యాలయం పెద్ద దీవి నుంచి పాత పోలీసు పడవ ఒకటి పంపింది. దానికి నారింజరంగు చార వేశారు. సరుకు ఓడల మీద ఊళ్ళన్నీ తిరిగి వచ్చి ఖాళీగా కూర్చున్న రాయ్‌డెల్‌ను అధిపతిని చేశారు. కస్టమ్స్‌లో పనిచేసే ఐవలీన్‌ను ఆయన కింద వేశారు. పాత తాబేళ్ళ కొట్టం కార్యాలయమైంది. ఎంత సున్నం వేసినా వాన పడితే ఆ వాసనకు తాబేళ్ళు గుర్తొచ్చేవి.

మొదటి రోజే లిండో దొరికాడు. రొట్టెల కొట్టు మిస్ జోయెలీ భర్త. ఇంజన్ ఆపి, పడవను అలల మీద వదిలి గాలం వేసుకుని కూర్చున్నాడు.

"ఇంజన్ ఆగిపోయిందా లిండో?"

"ఆగలేదు కెప్టెన్, ఆపాను. చేపలు పడుతున్నా."

"కంగారులో అందరూ అలాగే అంటారు" అని కెప్టెన్ తాడు విసిరాడు.

ఒడ్డుకు చేర్చి అంతటితో వదలలేదు. రక్షించిన మనిషిని వెచ్చగా ఉంచాలని పుస్తకంలో ఉందట. ఆగస్టు ఎండలో లిండోకు ఉన్ని దుప్పటి కప్పి, వేడి టీ తాగించాడు. లిండో అంత చెమట పెళ్ళినాడు కూడా కార్చలేదు.

"కెప్టెన్, ఆయనకు ఏమీ కాలేదండీ" అంది ఐవలీన్.

"చూశావా, సమయానికి వెళ్ళాం."

మార్ల్ కీలో ఎదురుపడిన పడవకు చెయ్యి ఊపకపోతే తప్పు. ఇంటికొచ్చి మరీ అడుగుతారు, నేనేం చేశానని. కెప్టెన్‌కేమో చేతులు ఎత్తి దించడం ఆపద గుర్తు. ఊపినవాళ్ళందరినీ లాక్కొచ్చాడు. దాంతో జనం ఊపడం మానేశారు. "పాపం, చెయ్యి ఎత్తే ఓపిక కూడా లేదు" అని వాళ్ళనూ లాక్కొచ్చాడు.

ఒక ఆదివారం పాస్టర్ మిల్టన్ తీరంలో నడుములోతు నీళ్ళలో నిలబడి ఒకావిడకు బాప్తిస్మం ఇస్తున్నాడు. ఆవిడను ముంచి లేపేలోగా ఆవిడ కెప్టెన్ పడవలో ఉంది.

"ఏమిటయ్యా ఇది, బాప్తిస్మం పూర్తి కాలేదు" అన్నాడు పాస్టర్.

"మునగడం పూర్తయింది కదండీ" అన్నాడు కెప్టెన్, దుప్పటి విప్పుతూ.

ఇలాంటి కబుర్లు పెద్ద దీవిదాకా వెళ్ళాయి. అక్కడివాళ్ళు నవ్వి ఊరుకోలేదు. ఆపదలు లేని చోట దళం దేనికి, పడవను వెనక్కి తెచ్చేద్దామా అని చూసి రమ్మని మిస్టర్ పెల్హమ్ అనే అధికారిని పంపారు. ఆయన కెప్టెన్‌తో ఒక రోజు తిరుగుతాడు. ఆయన మాటే ఆఖరు.

ఆ ఉదయం ఐవలీన్ కెప్టెన్‌ను కొట్టం వెనక్కి తీసుకెళ్ళింది.

"ఇవాళ ఒక్క రోజు ఎవర్నీ రక్షించకండి."

"నిజంగా ఆపదలో ఉంటే?"

"నిజంగా ఉంటే సరే. మీకు ఉన్నట్టనిపిస్తే మాత్రం వద్దు."

"ప్రయత్నిస్తాను" అన్నాడు కెప్టెన్, మందు మానేస్తానని మాటిచ్చే మనిషిలా.

నిజంగానే ప్రయత్నించాడు. లిండోను దాటారు. కెప్టెన్ చుక్కాని చక్రాన్ని పిడికిళ్ళతో బిగించి ఆకాశం వైపు చూశాడు. మరో రెండు పడవలు దాటారు. ఎవరూ తాడు విసరకపోవడంతో అందులోవాళ్ళు లేచి నిలబడి చూశారు. మిస్టర్ పెల్హమ్ వేయించిన బ్రెడ్‌ఫ్రూట్ ముక్కలు తింటూ, సముద్రం ప్రశాంతంగా ఉందన్నాడు. ఐవలీన్ ఊపిరి పీల్చుకుంది.

మధ్యాహ్నం దాటి ఎండ నీళ్ళ మీద వాలింది. దిబ్బ దగ్గరికి వచ్చారు. దీవి చుట్టూ పగడపు దిబ్బ. లోపలికి రావడానికి ఒక్కటే గండి. దాని ముందు మిస్టర్ ఆర్లీ పడవ. ఆ నీళ్ళలో ఆయనంత కాలంగా చేపలు పడుతున్నవాళ్ళు ఇంకెవరూ లేరు. ఇంజన్ చక్కగా ఆడుతోంది. పడవ మెల్లగా అటూ ఇటూ తిరుగుతోంది.

కెప్టెన్ తాడు అందుకున్నాడు.

"కెప్టెన్, వద్దు. మీరు మాటిచ్చారు."

"ప్రయత్నిస్తానన్నాను" అని విసిరాడు.

"ఒరే రాయ్‌డెల్" అని అరిచాడు మిస్టర్ ఆర్లీ, "నీకు పనీపాటా లేదురా? నీ తాతకు ఈత నేర్పినవాణ్ణి నేను."

తాడు సరిగ్గా ఆయన ముందే పడింది. తిడుతూనే మిస్టర్ ఆర్లీ చెయ్యి చాచాడు. చెయ్యి పలక మీద పాకింది. వలను తడిమింది, బాల్చీని తడిమింది, అప్పుడు తాడును పట్టుకుంది. ఆయన ముఖం తాడు వైపు లేదు. మాట వినబడిన వైపు ఉంది. ఆ పడవ ముక్కు గండికి కాదు, దిబ్బకు గురిపెట్టి ఉంది.

ఐవలీన్‌కు రోజూ సాయంత్రం చివరగా లాక్కొచ్చే పడవ గుర్తొచ్చింది. ఎప్పుడూ ఇదే. కళ్ళు కనబడని ముసలాయన ఒక్కణ్ణే లాక్కొస్తే ఊరికి తెలిసిపోతుంది. ఊరందరినీ లాక్కొస్తే అందులో ఆయనొకడు. ఆమె కెప్టెన్ వైపు చూసింది. ఆయన తాడు ముడి వైపు చూస్తున్నాడు, చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఈ పెద్దాయనకు ఏమైంది?" అని అడిగాడు మిస్టర్ పెల్హమ్. "నిజంగా ప్రమాదంలో ఉన్నాడా?"

అవునంటే దళం నిలబడుతుంది, మిస్టర్ ఆర్లీని ఇక పడవ ఎక్కనివ్వరు. కాదంటే కెప్టెన్ ఇంటికి పోతాడు. కెప్టెన్ నోరు తెరవలేదు. ఆయన దేన్ని ఎంచుకున్నాడో ఐవలీన్‌కు తెలిసిపోయింది.

"ప్రమాదమేమీ లేదండీ" అంది. "శిక్షణ. రోజూ గండి దగ్గర తాడు విసరడం, కట్టడం, లాగడం నేర్చుకుంటాం. మిస్టర్ ఆర్లీ మా గురువు. అందరికంటే కష్టమైన మనిషి కావాలని ఆయన్ను పెట్టుకున్నాం. నిజంగా ఆపదలో ఉన్నవాళ్ళు తిడతారు కదండీ."

మిస్టర్ ఆర్లీ సమయానికి ఇంకో తిట్టు తిట్టాడు.

"అచ్చం అలాగే ఉంది" అన్నాడు మిస్టర్ పెల్హమ్, ముచ్చటపడి. "మరి మిగతా పడవలు?"

"వాళ్ళందరూ విద్యార్థులండీ" అన్నాడు కెప్టెన్. అప్పటికి ఆయనకు గొంతు వచ్చింది.

పెద్ద దీవిలో ఇంత శ్రద్ధ లేదని మిస్టర్ పెల్హమ్ ఒడ్డు చేరేదాకా విచారించాడు. పడవ ఉంటుందని, శిక్షణ ఒక్క రోజు కూడా ఆపవద్దని చెప్పి సాయంత్రం విమానంలో వెళ్ళిపోయాడు.

ఐవలీన్ మిస్టర్ ఆర్లీ పడవను కట్టడానికి రేవు మెట్లు దిగింది. ఆయన ఆమె భుజం పట్టుకుని మెట్టు ఎక్కి, చుట్టూ ఎవరూ లేరు కదా అని అడిగి, గొంతు తగ్గించాడు.

"పిల్లా, ఒక మాట. ఆ రాయ్‌డెల్‌కు రోజుకొకర్నయినా లాగకపోతే అన్నం సహించదు. వాడి మనసు కష్టపెట్టలేక తాడు పట్టుకుంటున్నాను. ఇది నీలోనే ఉంచుకో. వాడికి తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడు."