గుర్రపుడెక్కను తెచ్చింది నా బర్రెలు కాదు

నా పేరు ఎర్రమ్మ. వయసు డెబ్బై దాటింది. పుంగనూరు నుంచి సోమల పోయే దారిలో, చెరువు కింద ఊరు మాది. ఇంట్లో నేను, కోడలు, మనవరాలు, రెండు బర్రెలు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు ఫోనులో రాస్తోంది. తిట్లు తీసేస్తానంది... తిట్లు తీసెయ్, మిగతాది ముట్టుకోవద్దు అన్నాను.

మా చిన్నప్పుడు... చెరువులో మోకాళ్ల లోతు దిగితే కాలివేళ్లు కనిపించేవి. నేనూ మా చెల్లెలూ అమ్మ పాత చీరను చెరో కొసా పట్టుకుని నీళ్లలో ఈడ్చేవాళ్లం. చీర నిండా చిన్నచేపలు ఎగిరిపడేవి... పులుసు కాగేదాకా ఆగలేక ఉత్త సంగటే సగం తినేసేవాళ్లం. ఎవరి చెరువు, ఎవరి చేపలు అని అడిగినవాళ్లు లేరు.

నా పిల్లలూ అట్లాగే పట్టారు. తొంభైల చివర్లో చెరువును గుత్తకిచ్చారు. వేలం పాడినవాడు మా ఊరివాడు కాదు. ఒకరోజు టెంపోలో చేపపిల్లల డ్రమ్ములు దించాడు. వాటి వెనక తడి గోనెసంచులు... విప్పితే బుడగల్లాంటి కాడలు, నున్నటి ఆకులు, ఊదారంగు పూలు. చూడ్డానికి ముద్దుగానే ఉంది పాపిష్టి గుర్రపుడెక్క! బర్రెలు కడుగుతూ అతన్నే అడిగాను.

"యాలప్పా ఈ ఆకు?"

"సేపలకు నీడమ్మా. ఎండకు సావకుండా."

అని, అటు తిరిగి తన కావలి మనిషి గంగులప్పతో నవ్వుతూ, "ఇంగ ఈ ఊరోళ్లు వల యాడేస్తారో సూస్తా!" అన్నాడు.

అదీ సంగతి. మా చెరువులో మేము చేప పట్టకుండా వేసిన కంచె అది. నేను విన్నాను. పక్కన బట్టలుతుకుతున్న మునెమ్మ వింది. గంగులప్ప విన్నాడు.

వానలు పడ్డాక ఆకు పరుచుకుంది... నీళ్లే కనబడకుండా పోయాయి. తూముకు అడ్డంపడి కింది మళ్లు ఎండాయి. దోమలు, కంపు. గుత్తదారు తానే వల వేయలేక, చచ్చి తేలిన చేపలు చూసి, చెప్పాపెట్టకుండా పోయాడు. మా పడ్డదూడ పచ్చిక అనుకుని ఆ ఆకు మీదికి నడిచింది. వేళ్లు కాళ్లకు చుట్టుకుని... మేము తాడు తెచ్చేలోపే మునిగిపోయింది.

దూడను పోగొట్టుకున్న నన్నే పెద్దమనుషులు ఊరందరి ముందు నిలబెట్టారు.

"నీ బర్రెలే యాడనో పొర్లి ఒంటికి తగిలించుకొచ్చిండాయి."

"నా బర్రెలు బస్సెక్కి పోయి తెచ్చినాయా? సుట్టుపక్కల ఏ సెరువులో ఉండాది ఈ ఆకు, సూపించండప్పా!"

గుత్తదారే సంచుల్లో తెచ్చాడన్నాను, చూసినవాళ్లెవరని అడిగారు. మునెమ్మ చెప్పబోతే మొగుడు నోరు మూయించాడు. గంగులప్ప తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. నా బర్రెలు చెరువులో దిగకూడదని తీర్పు. ఆనాటి నుంచి బోరింగు కొట్టి కొట్టి, బిందెలు మోసి వాటిని కడిగాను. నా భుజాలు అట్లా అరిగాయి.

మొన్న ఊరి వాట్సాప్ గ్రూపులో చెరువు ఫోటో పెట్టి, "ఎర్రమ్మవ్వ బర్రెల పుణ్యం" అని రాసి నవ్వు బొమ్మలు పెట్టారట. ఆ రాసినవాళ్లు అప్పటికి పుట్టనేలేదు. నేను పోయాక కూడా నా పేరు ఆ ఆకుకే అంటుకుని ఉండాలా?

నేరుగా గంగులప్ప ఇంటికి పోయాను.

"ఇప్పుడు యాలమ్మా అయ్యన్నీ? ముసలోళ్లమైపోతిమి" అన్నాడు.

"ముసలోడివైనావు కదా, ఇంగ ఎవురికి బయపడతావు? గుత్తదారు నీ పాడె మోసేదానికి వస్తాడా?"

తువ్వాలు భుజాన వేసుకుని నా వెంట వచ్చాడు. మునెమ్మ పిలవకుండానే వచ్చింది. రాసిందంతా మనవరాలు చదివితే ఇద్దరూ విన్నారు. గంగులప్ప గొంతు సవరించుకున్నాడు.

"ఆ ఆకు సల్లింది నేనే. తెప్ప మీద పోయి సల్లినా. అదీ రాయి పాపా."

రాసింది. మా వేలిముద్రలు, సంతకం కాగితం మీద తీసుకుని, ఫోటో తీసి దీనికి జతచేసింది.

ఇప్పటి పిల్లలు చెరువంటే ఆ పచ్చటి చాపే అనుకుంటున్నారు... అందులో ఒకప్పుడు ఆకాశం కనిపించేదంటే నమ్మరు. మదనపల్లె వాళ్లు, కుప్పం వాళ్లు, ఏ ఊరివాళ్లయినా... మీ చెరువులోకి ఈ ఆకు ఎవరు తెచ్చారో చూసి ఉంటే ఈ కింద చెప్పండి. బతికుండగానే చెప్పండి.

ఎర్రమ్మ — వేలిముద్ర
సాక్షులు: మునెమ్మ — వేలిముద్ర
గంగులప్ప — సంతకం