లీటరుకు పద్నాలుగు

మా ఇంట్లో బండి మైలేజ్ ఎంత అని అడగడం చిన్నతనం. తాతగారి హయాంలో తెల్ల కారు ఉండేది. అది ఎంత తాగుతుందో పెట్రోలు పోయించే గుమాస్తాకు తెలుసేమో గాని మాకు తెలియదు. నాన్నగారి కాలానికి కారు పోయింది, దాని వెనకే పొలాలూ పోయాయి. మైలేజ్ అడగకూడదన్న మర్యాద మాత్రం మిగిలింది. నేను మోటారుసైకిలు కొన్నప్పుడు షోరూమతను తనంతట తానే చెప్పబోతే, చేయి అడ్డం పెట్టి ఆపేశాను.

అలాంటివాణ్ణి ఖతార్ వెళ్ళి, అల్ ఘర్రాఫాలో ఒక అరబ్బుల ఇంట్లో హౌస్ డ్రైవర్‌గా చేరాను. ప్రపంచకప్పు వస్తోందని ఊరంతా తవ్విపోసిన రోజులవి. నిన్న వెళ్ళిన దారి ఇవాళ ఉండేది కాదు. నా పని నాకు నచ్చింది. ఎవరి ముందూ వంగనక్కరలేదు. స్టీరింగ్ ముందు నిటారుగా కూర్చోవడమే కదా.

ఆ ఏడు ఇంటికి కొత్త బండి వచ్చింది. పక్క అద్దం మీద సర్కారు వారి చీటీ అతికించి ఉంది. లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లు ఇస్తుందని దాని మీద అచ్చువేశారు. ఇంటి యజమానిని మేము బాబా అనేవాళ్ళం. ఆయన పెద్దవాడైపోవడంతో ఖర్చులన్నీ పెద్దకొడుకు చూసుకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు అతను పెట్రోలు బిల్లులు పట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు. మా మధ్య మాటలన్నీ హిందీలోనే.

"చీటీ మీద పద్నాలుగు. నువ్వు నడిపితే ఎనిమిది. మిగతా పెట్రోలు ఎవరి బండిలోకి పోతోంది?"

ఇంటివాళ్ళ పెట్రోలు కార్డుతో స్నేహితుల బండ్లకు కొట్టిస్తున్నానని అతని అనుమానం. నాకు ముందున్న డ్రైవరును ఆ మాట మీదే ఇంటికి పంపేశారని వంటావిడ అదివరకే చెప్పి ఉంది. సంజాయిషీలు వినడమే గాని చెప్పుకోవడం మా వంశంలో లేదు. అతను చేయి చాచాడు. కార్డు ఇచ్చేశాను. ఆ రోజు నుంచి పెట్రోలు కావలసినప్పుడల్లా వంటింటి తలుపు దగ్గర నిలబడి కార్డు అడిగి తీసుకోవాలి, తిరిగి అప్పగించాలి.

దొంగ అన్న పేరుతో ఊళ్ళో విమానం దిగడం ఊహించుకోలేకపోయాను. అన్నిటికన్నా కష్టమేమిటంటే, ఆ చీటీని నేనూ నమ్మాను. సర్కారు ముద్ర ఉన్న కాగితం అబద్ధమాడదని మా ఇంట్లో నేర్పారు. మిగతా పెట్రోలు ఏమైపోతోందో నాకూ అర్థం కాలేదు. బంకు కుర్రాళ్ళనే అనుమానించి, గొట్టం పెట్టినంతసేపూ పక్కనే నిలబడి గుడ్లురిమి చూసేవాణ్ణి.

శుక్రవారం సెలవు పూట, మనవాళ్ళు చేరే ముషైరిబ్ పేటకు వెళ్ళాను. అక్కడ నాకొక స్నేహితుడు కలిసేవాడు. నిజామాబాద్ వైపు మనిషి, స్టేడియం సైటులో నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు.

"ఏం దొరా, మొఖం గట్ల పెట్టినవ్?"

చెప్పాను. తాగుతున్న టీ పొలమారేదాకా నవ్వాడు.

"కంపెనోడు చెప్పిన మైలేజ్ ఎవనికన్న వచ్చిందా అన్నా? మా ఊర్ల మేకలు కాసేటోనికి గూడ ఎర్కే. అది పెండ్లిసంబంధం చెప్పినట్టు. పిల్లగాడు బీడీ తాగడు, పొద్దుగాల లేస్తడు, పెద్దలకు ఎదురు మాట్లాడడు. పెండ్లయి ఇంటికొచ్చినంక గదా తెలిసేది! నువ్వు బండి కొన్ననాడు అడగలే?"

"మా ఇంట్లో అడగం."

"అడగకపాయె, తెలువకపాయె. గిప్పుడు దొంగవైతివి. పోయి చెప్పు."

"చెప్పను."

"నీ దొరతనం సల్లగుండ! చెప్పకు. పక్కన కూసోబెట్టుకొని తిప్పు. సూపెడితే ఏం తక్కువైతది?"

ఆ మాట నచ్చింది. చూపించడం సంజాయిషీ కిందికి రాదు. శనివారం సెలవు కూడా గడిచి, బడులు తెరిచిన రోజున పెద్దకొడుకుతో, "ఒక్కరోజు నా పక్కన కూర్చోండి, తరవాత మీ ఇష్టం" అన్నాను. ఏ కళనున్నాడో, వచ్చి కూర్చున్నాడు.

పొద్దున పిల్లల బడి. బడి ముందు బండ్ల బారు చీమల బారు కన్నా మెల్లగా కదిలింది. అక్కణ్ణుంచి ఆ పిల్లల తల్లిగారిని అల్ రయ్యాన్‌లో చెల్లెలి ఇంట్లో దింపాలి. ఎదురుగా కనబడుతున్న ఇంటికి, మెట్రో తవ్వకాల పుణ్యమా అని, మూడు వైపుల నుంచి చుట్టి రావలసి వచ్చింది. "రోజూ ఇంతేనా?" అన్నాడు. "నిన్నటి కన్నా నయం" అన్నాను. తరవాత అతనికే బ్యాంకులో పని పడింది. దిగుతూ తలుపు దగ్గర వంగి, "ఇంజిను ఆపకు, లోపల వేడెక్కిపోతుంది" అన్నాడు.

ఆపలేదు. అసలు ఏ రోజూ ఆపలేదు. వాళ్ళు ఎక్కేసరికి బండి చల్లగా ఉండాలన్నది నేను చేరిన నాడే చెప్పిన మొదటి నియమం.

చాలాసేపటికి తిరిగి వచ్చాడు. స్టీరింగ్ మీద ఒక బొత్తాం నొక్కితే అద్దం కింది తెర మీద మైలేజ్ పడుతుందట, నేనెప్పుడూ నొక్కలేదు. అతను నొక్కాడు. ఏడు.

"బండి కదల్లేదు కదా?"

"లేదు."

"మరి?"

"మీ కోసం చల్లగా ఉంచాను."

కాసేపు ముందున్న ఏసీ గాలి కన్నాల వైపు చూశాడు. తరవాత ఫోను తీసి ఏదో చదవడం మొదలుపెట్టాడు. దారిపొడవునా తలెత్తలేదు. చివరికి, "ఆ అంకె రోడ్డు మీద తీసింది కాదు. గదిలో రోలర్ల మీద బండిని నిలబెట్టి, ఏసీ ఆపి, వాళ్ళనుకున్న వేగాల్లో తిప్పి తీస్తారట" అన్నాడు. ఇంకాసేపటికి, కుర్రతనం గొంతులోకి వచ్చేసి, "అయినా పద్నాలుగు ఎప్పుడైనా ఇస్తుందంటావా?" అన్నాడు.

నాకూ చూడాలనిపించింది.

శుక్రవారం ఎండెక్కకముందే దుఖాన్ రోడ్డు పట్టాం. ఏసీ ఆపేశాం. ఎడారి మధ్య తిన్నటి రోడ్డు. ఎనభై దాటకుండా పోనిచ్చాను. వెనకొచ్చిన ప్రతి బండీ లైట్లు కొట్టి, హారన్ మోగించి, మమ్మల్ని తిట్టుకుంటూ దాటిపోయింది. మేమిద్దరం చెమటలు కక్కుతూ తెర వైపే చూస్తున్నాం. పదకొండు, పన్నెండు. "యల్లా, యల్లా!" అని గుర్రాన్ని అదిలించినట్టు డాష్‌బోర్డు మీద తట్టాడు. పదమూడు దాటి ఇంకొంచెం ఎక్కి, అక్కడ నిలిచిపోయింది. అతను నవ్వడం మొదలుపెట్టాడు. నేనూ నవ్వాను. పనివాడిగా ఒక యజమాని ముందు నవ్వడం అదే మొదలు.

తిరుగు దారిలో బంకు దగ్గర ఆగాం. జేబులోంచి కార్డు తీసి, వంటింటికి కాదు, నా చేతికే ఇచ్చాడు.

"నీ దగ్గరే ఉంచు. ఆ రోజు అలా అడగకుండా ఉండాల్సింది." ఆ వెంటనే, "ఇక ఏసీ వెయ్యి, చచ్చిపోతున్నాను" అన్నాడు.

ఆ సాయంత్రం ముషైరిబ్‌లో స్నేహితుడు కనబడగానే, నా జన్మలో ఎవర్నీ అడగని ప్రశ్న అడిగాను. "ఏమయ్యా, నీ ట్యాంకరు లీటరుకు ఎంతిస్తుంది?"

టీ గ్లాసు కింద పెట్టి, నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"కంపెనోడు చెప్పింది చెప్పాల్నా దొరా, నేను చూసింది చెప్పాల్నా?"