డేగులో ఒక శనివారం తలంటు

పక్కింట్లో ఎవరో నువ్వులనూనెలో మిరియాలు, జీలకర్ర వేసి కాస్తున్నారు. ఆ వాసన గోడ దాటి వచ్చేసరికి ఇవాళ శనివారమని కేలెండరు చూడకుండానే తెలిసిపోయింది. అరవనాట మా సింగానల్లూరు వైపు మగవాళ్ళ తలంటు శనివారమే. ఈ వాసనకి మా ఆవిడకి ఆకలి పుడుతుంది. నా చెయ్యి మాత్రం ఇన్నేళ్ళ తర్వాత కూడా నడుం మీదికి పోతుంది. అందుకు కారణం మా తిరువేంగడం మాస్టరు.

ఆయన మా నూలు మిల్లులో స్పిన్నింగ్ మాస్టరు, నేను ఆయన కింద ఫిట్టరుని. పొట్టి మనిషి, మెత్తని గొంతు. దారానికి నూనె మరక అంటడం ఆయన లెక్కలో హత్యకి ఒక్క మెట్టు కింద. యంత్రం నూనె కారి, దారం చుట్టిన కండె పాడైతే, ఎవరి చేతిలో పాడైందో వాళ్ళే దాన్ని పట్టుకెళ్ళి ఆయన ముందు నిలబడాలి. చేరిన ఏడాదే నేనొక కండెని చొక్కాలోపల దాచి బయటపడబోయాను. గేటు దగ్గర ఆయన నా పొట్టవంక చూసి, "ఏం తంబీ, ఎన్నో నెల?" అన్నారు. సంగు, అదే మిల్లు సైరను, మోగి షిఫ్టు మారే వేళ కదా, రెండు షిఫ్టుల వాళ్ళూ నవ్వారు. తర్వాత గదిలోకి పిలిచి, "మరక పడితే తప్పు కాదప్పా. దాన్ని నేను వెతుక్కోవాల్సివస్తే తప్పు. వెతకడం మొదలుపెట్టినవాడికి అన్నీ మరకలే" అన్నారు. ఆ రోజు నేను దాచకూడదని నేర్చుకోలేదు. ఇంకా బాగా దాచాలని నేర్చుకున్నాను.

ఎందుకంటే దాచాల్సింది ఇంకొకటి ఉంది. నా నడుము కింద అరచేయంత తెల్లమచ్చ. మా అమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. అంటుకునేది కాదని డాక్టరు చెప్పాడు గానీ, మా వాళ్ళలో పిల్లనిచ్చేవాళ్ళు డాక్టర్ని అడిగి ఇవ్వరు. "పెళ్ళయ్యేదాకా నోరు తెరవకు కన్నూ" అని అమ్మ ఒట్టు వేయించుకుంది. మచ్చ మీద నడుంనొప్పి ప్లాస్టరు వేసుకు తిరిగేవాణ్ణి. మిల్లులో నడుం నొప్పి లేనివాణ్ణే అనుమానించాలి కాబట్టి నన్నెవరూ అనుమానించలేదు. అలాంటి సమయంలో మాస్టరే తన చెల్లెలి కూతురు సరోజని నాకిస్తానన్నారు. కొత్త యంత్రాల మీద పని నేర్చుకోవడానికి మిల్లువాళ్ళు మాస్టరునీ నన్నూ కొరియాలోని డేగు ఊరికి నెలరోజులు పంపుతున్నారు. తిరిగొచ్చాక తాంబూలం. ఈలోగా నా ప్లాస్టరు మాస్టరు కంట పడకూడదు, అంతే.

డేగులో రెండో శనివారం, మాకు పని నేర్పే పాక్ గారు మమ్మల్ని ఊరుమ్మడి స్నానశాలకి పిలిచారు. ఆయనకీ మాస్టరుకీ వచ్చిన ఇంగ్లీషు మొత్తం కలిపితే ఒక టెలిగ్రాం అవుతుంది. అయినా మాస్టరు మురిసిపోయారు. "శనివారం నాడు స్నానానికి పిలిచాడంటే వీడు మనవాడే!" అని ఊరినుంచి తెచ్చుకున్న నూనె సీసా సంచిలో పెట్టుకున్నారు. లోపలికెళ్ళాక తెలిసింది, అక్కడ మొలకి దారప్పోగు కూడా ఉండకూడదట. మా ఊళ్ళో మగవాడు బావి దగ్గర కూడా తుండు విప్పడు. నాకు జ్వరంగా ఉందన్నాను. పాక్ గారు నా నుదుటిమీద చెయ్యివేసి చూసి, "నో ఫీవర్! హాట్ వాటర్, గుడ్!" అన్నారు. మాస్టరు అప్పటికే చొక్కా విప్పినంత సులువుగా అన్నీ విప్పేశారు. "ఏ ఊరికి ఆ వేషం తంబీ. ఈ ఊళ్ళో వేషమే లేదు. సీక్రం రా."

సబ్బుతో ఒళ్ళంతా కడుక్కోకుండా తొట్టిలో దిగొద్దని పాక్ గారు సైగలతో మూడుసార్లు చెప్పారు. నేను గోడకి వీపు ఆనించుకుంటూ కడుక్కుని, పీతలా పక్కకి నడిచి, తొట్టిలో గడ్డందాకా మునిగాను. పప్పు ఉడికే వేడి. మాస్టరు ఓ మూల చిన్న పీట మీద కూర్చుని తలకి నూనె పెట్టుకుంటున్నారు. ఇంతలో నా నడుం దగ్గర ప్లాస్టరు ఒక మూల లేచింది. చేత్తో అదిమిపట్టాను. రెండో మూల లేచింది. మూడోది ఎప్పుడు లేచిందో తెలియదు, అది నా వేళ్ళలోంచి జారి, తీరిగ్గా తేలుతూ, ఎదురుగా ఉన్న లావుపాటి మనిషి ఛాతీకి తగిలింది. దాన్ని అందుకుందామని గభాలున లేచి అటు వంగాను. నా వెనక ఎవరెవరున్నారో ఆ క్షణం మరిచాను.

ఎవరో గట్టిగా ఏదో అన్నారు. ఒకాయన నా నడుంవైపు వేలు చూపిస్తూ తొట్టిలోంచి లేచిపోయాడు. అతని వెంట ఇంకొకాయన. ఆ భాష నాకు రాదు, కానీ ఆ మాట ఏ భాషలోనైనా అర్థమవుతుంది. పాక్ గారి ముఖం కందిపోయింది. తల తిప్పి చూస్తే మాస్టరు నన్నే చూస్తున్నారు. నా ముఖాన్ని కాదు.

అప్పుడాయన సీసాలో మిగిలిన నూనంతా నెత్తిన గుమ్మరించుకుని, చరచరా వచ్చి, తొట్టిలోకి దిగిపోయారు. నీళ్ళమీద నూనె రంగురంగులుగా పరుచుకుంది. లబోదిబోమని అరుపులు. ఉన్నవాళ్ళంతా నన్నొదిలి ఆయన మీద పడ్డారు. పనివాడు బ్రష్షు పట్టుకు పరిగెత్తుకొచ్చాడు. మాస్టరు చేతులు జోడించి, "సారీ, సారీ, సాటర్‌డే, ఇండియా" అంటూ అందరివైపూ తిరుగుతున్నారు. ఆ గందరగోళంలో పాక్ గారు నా నడుముకి తువ్వాలు చుట్టి తొట్టి బయటికి నడిపించారు. తొట్టి మొత్తం ఖాళీ చేయాల్సివచ్చింది. పనివాడి చేతిలోంచి బ్రష్షు లాక్కుని, ఒంటిమీద నూలుపోగు లేకుండా, మోకాళ్ళమీద కూర్చుని ఆయనే తొట్టి రుద్దారు. మా మిల్లులో ఆయన వస్తున్నారంటే బీడీలు దాచుకునేవాళ్ళు ఐదారొందలమంది.

గదికి నడిచి వస్తుంటే ఉండబట్టలేక నేనే అడిగాను. "మాస్టరయ్యా, తెలియక దిగారా?"

"నలభై ఏళ్ళు నూనెతో బతికినవాణ్ణి. నూనె నీళ్ళమీద తేలుతుందని తెలియదా?" నాలుగడుగులు వేసి అన్నారు, "సరోజకి తెలుసా?"

"లేదయ్యా."

"వాళ్ళమ్మకి?"

"లేదు."

"ఇవాళ పరాయివాళ్ళ ముందు నిన్ను దాచాను, సరి. మా పిల్ల దగ్గర దాచను. అట్లాగని నేను చెప్పను కూడా. నువ్వే చెప్పాలి."

చెప్పాను. తాంబూలం నాడు, సూలూరులో సరోజ వాళ్ళ ఇంటి నడవలో, నాలుగు జతల కళ్ళ ముందు, అమ్మకి వేసిన ఒట్టు తప్పి. మాస్టరు పక్కనే కూర్చుని నేల చూస్తున్నారు. సరోజ వాళ్ళమ్మ తాంబూలం తట్ట తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ తట్ట మళ్ళీ బయటికి రాలేదు. మాస్టరు బస్సుదాకా వచ్చి, "చెల్లెల్ని ఏమీ అనలేను. నిన్నూ ఏమీ అనలేను. రేపు ఫస్టు షిఫ్టు, ఆలస్యం చెయ్యకు" అన్నారు. నేనెక్కింది మా ఊరిది కాదు, కినత్తుకడవు వైపు పోయే బస్సని రెండు స్టాపుల తర్వాత గానీ తెలుసుకోలేదు.

రెండేళ్ళకి ఇంకో ఇంటికి పిల్లని చూడబోయాం. నాన్న లేని నాకు పెద్దదిక్కుగా వచ్చింది మాస్టరే. కాఫీ రాకముందే సంగతి చెప్పేశాను. ఆ అమ్మాయి తలుపు పక్కనుంచే అడిగింది, "అదొక్కటేనా, ఇంకేమైనా ఉందా?"

"గురక" అన్నాను, వేరే ఏమీ తోచక.

"నిజమమ్మా," అన్నారు మాస్టరు. "డేగులో నెలరోజులు నాకు నిద్ర లేదు."

తలుపు వెనక ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వూ ఆ అమ్మాయిదేనని తర్వాత తెలిసింది. ముప్పై ఏళ్ళుగా నా గురక వింటున్నది ఆవిడే.

మాస్టరు పోయి చాలాకాలమైంది. మచ్చలు ఇప్పుడు నా చేతులదాకా, పెదవులదాకా వచ్చాయి. కొత్తవాళ్ళెవరైనా వస్తే నేనే ముందు చెయ్యి చాస్తాను. కొందరు వెంటనే పట్టుకుంటారు, కొందరు ఆగి చూస్తారు, కొందరు దూరంనుంచే దణ్ణం పెడతారు. చెయ్యి చాచినప్పటినుంచి అవతలి చెయ్యి కదిలేదాకా ఉండే ఆ అరక్షణం నాకిప్పటికీ భయమే. చాచిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోను.