పైవాడి అరచేతి డ్రోన్

పనిచోట ఆయన్ని అందరూ పైవాడు అనేవారు. ఇరవై రెండేళ్ళపాటు ఆయన కూర్చున్న చోటు అలాంటిది మరి. పెద్ద భవనం కడుతున్న ప్రతిచోటా ఒక టవర్ క్రేను నిలబడుతుంది కదా, దాని మెడ దగ్గర కింద నుంచి చూస్తే అగ్గిపెట్టెంత కనిపించే అద్దాల గది ఉంటుంది. పొద్దున్నే భోజనం డబ్బా వీపుకు తగిలించుకుని, నిచ్చెనలెక్కి ఆ గదిలోకి చేరితే మళ్ళీ సాయంత్రానికే నేలమీద అడుగు పెట్టేవాడు. కింద ఇటుకలు కావలసినవాళ్ళు, ఇనుము కావలసినవాళ్ళు తలలెత్తి, "పైవాడి దయ మనమీద ఎప్పుడు కలుగుతుందో!" అని నవ్వుకునేవారు. "తొందరపడకండి నాయనా, అందరి మొరా వింటున్నా" అని వాకీటాకీలోంచి జవాబు వచ్చేది.

యాభై ఒకటో ఏట ఆ పైవాడికి లోపలి చెవి జబ్బు చేసింది. ఒక మధ్యాహ్నం ఇనుప చువ్వల కట్టను నేలమీద నుంచి ఎత్తి ఇరవై అంతస్తుల ఎత్తుకు చేర్చాడో లేదో, ఎడమ చెవిలో హోరు మొదలైంది. వెంటనే అద్దాల అవతల ఊరంతా గిర్రున తిరిగింది. ఆయన మీటలు వదిలేశాడు. వదిలేస్తే క్రేను ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. కళ్ళు గట్టిగా మూసుకుని వాకీటాకీ అందుకున్నాడు.

"మేస్త్రీ, కింద మనుషుల్ని దూరంగా పంపించెయ్. నాకు కళ్ళు తిరుగుతున్నాయి. నువ్వు చెబుతూ ఉండు, నేను దించుతాను."

కింద సిగ్నల్ ఇచ్చే మేస్త్రి మాట తడబడలేదు. "దించు... ఇంకా దించు... మెల్లగా... కాస్త... ఆపెయ్." కట్ట నేలను తాకిందన్న మాట వినపడ్డాకే ఆయన కుర్చీలోంచి జారి గది నేలమీద పడుకున్నాడు. తల తిరగడం తగ్గి కిందికి దిగేసరికి రెండు గంటలు పట్టింది. మేస్త్రి చెవి దగ్గరికొచ్చి, "ఎండకి కళ్ళు తిరిగాయని రాయిద్దాం అన్నా, ఎవరూ పట్టించుకోరు" అన్నాడు. ఆయన వినలేదు. తానే ఆఫీసుకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పి, ఇక ఎక్కనని రాసిచ్చి వచ్చాడు.

కంపెనీవాళ్ళు మంచివాళ్ళే. స్టోర్సులో కూర్చోబెట్టారు. హెల్మెట్లు, గ్లౌజులు, బోల్టుల డబ్బాలు ఇచ్చి సంతకాలు తీసుకునే పని. పనికేం లోటులేదు. కానీ ఆ ఏడాదంతా ఆయన నడిచేటప్పుడు చెప్పుల వంకే చూసుకుంటూ నడిచాడు. తలెత్తితే క్రేను కనిపిస్తుంది. ఇంట్లో మాట కూడా తగ్గిపోయింది. భార్య ముందు గదిలో మిషను పెట్టుకుని స్కూలు యూనిఫాంలు, కర్టెన్లు కుట్టేది. "మిషను కన్నా మీరే నయం, చప్పుడే ఉండదు" అని ఒకటి రెండుసార్లు నవ్వించబోయి ఊరుకుంది.

ఫోను పగిలితే బాగుచేయించడానికి వెళ్ళిన రోజున కథ మలుపు తిరిగింది. ఆ ఫోన్ల దుకాణం నడిపేది ముప్పయ్యయిదేళ్ళ మనిషి. సోల్డరింగ్ పొగలోనే సగం జీవితం గడిపిందని అందరూ ఆవిణ్ణి సోల్డరక్క అనేవారు. ఆయన వెళ్ళేసరికి కౌంటరు మీద అరచేతిలో పట్టేంత డ్రోన్ ఒకటి కందిరీగలా గుయ్యిమంటూ గాల్లో నిలబడి ఉంది. అది మెల్లగా లేచి ఆయన తలమీదికి వచ్చింది. కౌంటరు మీదున్న చిన్న తెరలో ఆయనకి ఒక బట్టతల కనిపించింది. అది ఎవరిదో గ్రహించడానికి ఆయనకి రెండు క్షణాలు పట్టింది.

"దాని ముక్కు మీద కెమెరా ఉంది బాబాయ్" అంది సోల్డరక్క. "అది చూసేదే మనకీ కనిపిస్తుంది. దాని కళ్ళతో చూస్తూ నడపాలి. ఎఫ్‌పీవీ అంటారు."

ఏడాది తర్వాత ఆయన ఒక వస్తువుని పైనుంచి చూశాడు. అది తన బట్టతలే అయినా సరే, ఆ తెర మీంచి కళ్ళు తిప్పుకోలేకపోయాడు. ఫోను సంగతి మరిచిపోయి ఇంటికొచ్చాడు.

వారం తిరక్కుండానే ఒక కాగితం మడతపెట్టుకుని మళ్ళీ వెళ్ళాడు. అందులో తాను ఎంచుకున్న సామాను పేర్లు ఉన్నాయి. సోల్డరక్క చదివి నుదురు కొట్టుకుంది.

"ఇదెక్కడ దొరికింది బాబాయ్? ఈ డ్రోన్ రెక్కలు కూరగాయలు తరిగేస్తాయి. మైదానంలో ఎగరేసేది ఇది. ఇంట్లో ఎగరేస్తే కర్టెన్లూ మిగలవు, పిన్నీ మిగలదు. కళ్ళకి కట్టుకునే ఈ తెర గాగుల్స్ అయితే నా దుకాణం మొత్తం అమ్మినా రావు."

"మంచివే కొనాలి కదా తల్లీ అని..."

"మంచివి వేరు, పెద్దవి వేరు. ముందు రిమోట్ ఒక్కటే కొనుక్కో. అక్కడ మాత్రం పిసినారితనం చెయ్యకు. డ్రోన్లు విరుగుతాయి, మారతాయి, రిమోట్ నీతో ఏళ్ళ తరబడి ఉంటుంది. ఏ కంపెనీ డ్రోన్‌తోనైనా కలిసే రకం తీసుకో. దాన్ని వైరుతో కంప్యూటర్‌కి తగిలించి తెరమీద బొమ్మ డ్రోన్ నడుపు. ఇరవై గంటలు నడిపాక రా. అప్పటిదాకా నీకు డ్రోన్ అమ్మితే ఒట్టు."

"కొనేవాణ్ణి వెనక్కి పంపే దుకాణం ఇదొక్కటే అనుకుంటా."

"ఇప్పుడే ఇస్తే విరిగినవి మోసుకుని రోజూ వచ్చి నా ప్రాణం తీస్తావు బాబాయ్. నా బాధ నాది."

ఇంట్లో భార్య కొలతలు, బిల్లులు రాసుకునే పాత కంప్యూటరు ఒకటి ఉంది. సాయంత్రాలు అది ఆయన వశమైంది. రిమోట్ మీద మీటల్లాంటి పుల్లలు రెండున్నాయి. రెండు చేతులతో అలాంటివి నడపడం ఆయనకి కొత్తేమీ కాదు, ఇరవై రెండేళ్ళు చేసిన పనే. అందుకే ధీమాగా కూర్చున్నాడు. తెరమీది బొమ్మ డ్రోన్ లేచీ లేవగానే గోడకి కొట్టుకుంది. మళ్ళీ లేపాడు, చెట్టుకి కొట్టుకుంది. చిక్కంతా చేతుల దగ్గరే వచ్చింది. క్రేను మీట వదిలితే ఆగుతుంది. ఇది అలా కాదు. పుల్ల వదిలినా వచ్చిన ఊపులో ముందుకే జారిపోతుంది. ఎడమ పుల్ల అయితే వదిలినచోటే ఉండిపోయి డ్రోన్‌ని పైకి ఎత్తుతూనే ఉంటుంది. ఏ అలవాటు ఆయన్నీ, కిందివాళ్ళనీ అన్నేళ్ళు కాపాడిందో ఆ అలవాటే ఇక్కడ ముంచింది.

మొదటి సాయంత్రం డెబ్బై సార్లు పడేశాడు. ప్రతిసారీ చెయ్యి దానంతటదే వాకీటాకీ కోసం వెతికేది. ఎన్నోసారో తెలియదు కానీ, తెరమీద ముక్కలై పడిన డ్రోన్‌ని చూస్తూ ఆయన రిమోట్ బల్లమీద పెట్టాడు. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. మిషను ఆపి భార్య తొంగిచూసింది.

"ఏమైందండీ?"

"కింద ఎవరూ లేరే" అన్నాడు ఆయన కళ్ళు తుడుచుకుంటూ. "ఎంతసేపు పడేసినా కింద ఎవరూ లేరు."

ఆవిడకి అర్థమైంది. వెళ్ళి మిషను ముందు కూర్చుంది. కానీ చాలాసేపు మిషను చప్పుడు వినపడలేదు.

ఇరవై గంటలన్నది నలభై గంటలు చేసి మరీ దుకాణానికి వెళ్ళాడు. ఈసారి సోల్డరక్క అడ్డు చెప్పలేదు. రెక్కల చుట్టూ ప్లాస్టిక్ గుండ్రాలున్న డ్రోన్ చేతిలో పెట్టింది. కోడిగుడ్డు అంత బరువు కూడా లేదు. గోడకి తగిలితే గోడకీ నష్టం లేదు, దానికీ లేదు. వేలి కణుపంత బ్యాటరీలు ఆరు ఇచ్చింది. "ఒక్కోటి మూడు నిమిషాలు వస్తుంది, నాలుగో నిమిషం కోసం ఆశపడితే బ్యాటరీ చస్తుంది" అని హెచ్చరించింది. ఆయన చవక చార్జరు అందుకుంటే వద్దని లాక్కుని వేరేది ఇచ్చింది. బ్యాటరీలకి నిప్పంటుకోవచ్చని, చార్జింగ్‌లో ఉన్నప్పుడు మనిషి అక్కడే ఉండాలని ఆయన చేత రెండుసార్లు చెప్పించుకుంది. గాగుల్స్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అన్నిటికన్నా చవకవి తీసింది. ముఖానికి కట్టుకునే పెద్ద స్పాంజి డబ్బా, లోపల ఒక తెర.

"చూడ్డానికి బూట్ల పెట్టెలా ఉంది" అన్నాడు.

"ఉంటే ఉండనీ. నీ కళ్ళజోడు తియ్యకుండా పెట్టుకోవచ్చు. బొమ్మ కాస్త చుక్కలు చుక్కలుగా వస్తుంది. మూడు గదుల ఇంటికి అంతకన్నా ఎందుకు?"

ఆదివారం పొద్దున కుర్చీలో కూర్చుని ఆ డబ్బా కట్టుకుని డ్రోన్ లేపాడు. కుట్టుమిషను కింద నుంచి, బల్ల కాళ్ళ మధ్య నుంచి, తలుపు దాటి వంటగదిలోకి. ఒక నిమిషం పాటు ఆయనంత సంతోషంగా ఎవరూ లేరు. తర్వాత వంటగది తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతున్నది డ్రోన్ కాదని చెవిలో హోరు చెప్పింది. డబ్బా లాగి పారేసి కుర్చీ చేతులు పట్టుకున్నాడు. డ్రోన్ ఎక్కడో టప్పున పడింది. కాసేపటికి అన్నీ సర్ది, పెట్టెలో పెట్టి, పెట్టెని అల్మారా మీదికి తోసేశాడు.

తొమ్మిది రోజులు దాని ఊసెత్తలేదు. పదో రోజు భోజనాల దగ్గర భార్యే కదిపింది.

"దాన్నీ ఆపేశారా?"

"ఇదీ పైకెక్కడమేనే. ఒంటికి పడటం లేదు."

"క్రేను మాట వాళ్ళకి మీరే వెళ్ళి చెప్పారు. ఈ మాట కూడా ఆ అమ్మాయికి చెప్పండి. సామాను తిరిగి తీసుకుంటుందేమో."

మరునాడు పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళి, జబ్బు సంగతి మొదటిసారి సోల్డరక్కకి చెప్పాడు. ఆవిడ అయ్యో అనలేదు, జాలి చూపించలేదు. ఆ స్పాంజి డబ్బాని చేతిలోకి తీసుకుని, ముందుభాగం పట్టుకుని చటుక్కున ఊడదీసింది. తెర ఒక్కటీ విడిగా వచ్చింది. దాన్ని స్క్రూల డబ్బాకి ఆనించి కౌంటరు మీద నిలబెట్టింది.

"ఖరీదైనవాటిలో ఇది కుదరదు" అంది. "టీవీ చూసినట్టు చూడు బాబాయ్. చుట్టూ గది కనిపిస్తుంది, కాళ్ళ కింద నేల కనిపిస్తుంది. తల తిరగడం చాలామందికి తగ్గుతుంది. నీ సంగతి నాకు తెలియదు. ముందు డాక్టర్ని అడిగి రా."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు ముందే ఎందుకు చెప్పలేదు?"

ఆయన అన్నీ పెట్టెలో సర్దుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు అంతా విని, కూర్చునే నడపమని, హోరు మొదలైతే ఆ క్షణమే ఆపమని చెప్పాడు. ఆయన బల్లమీద తెర నిలబెట్టుకుని, పాదాలు రెండూ నేలకి ఆనించి, బ్యాటరీ ఒకటి పూర్తి చేశాడు. ఏమీ కాలేదు. రెండోది పూర్తి చేశాడు. మూడోది మరునాటికి దాచుకున్నాడు.

అప్పటినుంచి ఇంట్లో పైభాగం సంగతులు బయటపడసాగాయి. అల్మారా మీద వేలెడు మందాన దుమ్ము, రెండేళ్ళ కిందట పోయిందనుకున్న కొలతల టేపు, ఫ్యాను రెక్కల మీద సాలెగూడు. భార్య తెర ముందు నిలబడి బుగ్గలు నొక్కుకుంది. "ఇంతకాలం ఇలాంటి ఇంట్లోనా నేను కాపురం చేసింది? ఇంకెవరికీ చూపించకండి."

దుమ్ము దులిపాక ఆవిడ, "ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వండి" అని రిమోట్ అందుకుంది. ఇప్పుడే గోడకి కొడుతుందని ఆయన కుర్చీ జరుపుకుని సిద్ధంగా ఉన్నాడు. గోడకి కొట్టింది కూడా. కానీ నాలుగో రోజుకి ఆవిడ చేతిలో డ్రోన్ గాల్లో నిలబడింది. ఊరికే నిలబడటం కాదు, మేకు కొట్టి తగిలించినట్టు నిలబడింది.

"ముప్పయ్యేళ్ళు పెడలు తొక్కానండీ" అందావిడ తెరమీంచి చూపు మరల్చకుండా. "కాస్త ఎక్కువ తొక్కితే గుడ్డ ముడత, తక్కువైతే దారం తెగుతుంది. ఇదీ అంతే. అప్పుడు కాలు, ఇప్పుడు బొటనవేలు."

"అయితే నేనిక దిగిపోయినట్టేనా?"

"పైవాడు కిందే కూర్చున్నాడు కదా, ఎవరో ఒకరు పైన ఉండొద్దూ?"

ఆ మాటకి ఇద్దరూ నవ్వారు. పైవాడు అన్న పేరు మీద ఏడాదిన్నర తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

నెలకి రెండు ఆదివారాలు సోల్డరక్క, ఇంకో నలుగురైదుగురు కలిసి ఒక బ్యాడ్మింటన్ హాలు అద్దెకి తీసుకుంటారు. ప్లాస్టిక్ గొట్టాలు వంచి చేసిన వలయాలు నిలబెట్టి, వాటిలోంచి డ్రోన్లు పోనిస్తారు. ఆమె పోరు పెడితే భార్యాభర్తలు ఒక ఆదివారం వెళ్ళారు. మిగతావాళ్ళంతా గాగుల్స్ కట్టుకుని రయ్యిమని చుట్లు కొడుతుంటే, ఆయన గోడవారన కుర్చీ వేసుకుని, స్టూలు మీద తెర పెట్టుకుని మొదలుపెట్టాడు. తొమ్మిది వలయాలు. అంత మెల్లగా నడిపినవాళ్ళని ఆ హాలు చూసి ఉండదు. బ్యాడ్మింటన్ వల మీదుగా దాటి, మెట్ల కమ్మీల సందులోంచి దూరి, చివరి వలయం దాటేసరికి బ్యాటరీ అయిపోవస్తోందని రిమోట్ కీచుమంది. ఒక్క వలయానికి కూడా తగల్లేదు. పక్కనున్న వాళ్ళు గాగుల్స్ తీసి అటే చూస్తున్నారని ఆయన గమనించలేదు.

"ఇంత తిన్నగా నడపడం నీకు ఎవరు నేర్పారు బాబాయ్?" అంది సోల్డరక్క.

ఆయన సమాధానం చెప్పబోయేలోగా భార్య కొత్త బ్యాటరీ తగిలించి రిమోట్ లాక్కుంది. ఆవిడ వేగంగా పోనిచ్చింది. మూడో వలయంలో డ్రోన్ తగులుకుని తలకిందులై, వల్లో ఇరుక్కుంది. వెళ్ళి వల్లోంచి తీసుకుని, "ఈ గొట్టాలు అన్నీ ఒకే తెలుపులో ఉంటే తెరలో ఎలా కనిపిస్తాయమ్మా?" అని అందరినీ కోప్పడింది. పై ఆదివారానికి ఎర్రవీ పచ్చవీ గుడ్డ తొడుగులు కుట్టి తెచ్చింది.

జబ్బు పూర్తిగా పోలేదు. చలికాలంలో ఒకసారి మళ్ళీ వచ్చింది. ఆయన డ్రోన్ దించి, రిమోట్ పక్కన పెట్టి, నేలమీద పడుకున్నాడు. తగ్గాక లేచాడు. స్టోర్సులో ఉద్యోగం అలాగే ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరల మధ్య ఒక బ్యాటరీ ఎగరేసుకోవడానికి స్టోర్సు మేనేజరు ఒప్పుకున్నాడు, పై అరల్లో ఏ డబ్బాలు ఉన్నాయో నిచ్చెన వేయకుండా తెలుస్తుందని. సాయంత్రం గేటు దగ్గర ఒక్కోసారి ఆగి, తలెత్తి, క్రేను మీద ఇప్పుడున్న మనిషి బరువుని ఎలా దించుతున్నాడో చూస్తాడు. బాగా దించితే, "పర్లేదు" అనుకుని ఇంటిదారి పడతాడు. ఇంట్లో ఆరు బ్యాటరీలు చార్జు చేసి ఉంటాయి. అందులో నాలుగు తనవేనని భార్య అంటుంది.