అమ్మ లామినేషన్ చేయించిన నా సీటు

జెద్దాలో మా ఇంట్లో లామినేషన్ తప్పించుకున్న కాగితం లేదు. టీకాల కార్డులు, ఇకామాల (నివాస అనుమతి కార్డుల) జిరాక్సులు, చివరికి చేపల పులుసు కొలతలతో అమ్మమ్మ రాసిన ఉత్తరం కూడా ప్లాస్టిక్‌లోకి వెళ్లిపోయాయి. అమ్మ ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగగానే ఏదో ఒక కాగితం పట్టుకుని కింది స్టేషనరీ కొట్టుకు బయలుదేరేది. నాన్న సోఫాలో కునుకు తీస్తుంటే, "కదులుతూ ఉండు నాన్నా, లేకపోతే నిన్నూ చేయించేస్తుంది" అనేదాన్ని.

నేను చదివింది బేకరీ మీద రెండంతస్తుల్లో నడిచే రెండేళ్ల కోర్సుల ఆడపిల్లల కాలేజీ. ఇంకెక్కడా సీటు దొరకని మాలాంటి వాళ్లందరం చేరేది అక్కడే. అక్కడినుంచి దుబాయ్ వైపున్న ఒక పెద్ద యూనివర్సిటీలో నేరుగా మూడో ఏడాదిలో చేరడానికి దరఖాస్తు పెట్టాను. అలా బయటివాళ్లని వాళ్లు తీసుకునేదే తక్కువ. అయినా నన్ను తీసుకున్నారు. కాలేజీ ఇచ్చిన ఒరిజినల్ ట్రాన్‌స్క్రిప్ట్ మీద సౌదీ విదేశాంగ శాఖ ముద్ర వేయించి నెలాఖరులోగా పంపాలి, లేదంటే సీటు పోతుంది.

నా బుద్ధి గడ్డి తిని ఆ ట్రాన్‌స్క్రిప్ట్‌ని బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి అదీ లేదు, అమ్మా లేదు. కాసేపటికి ఇద్దరూ తళతళలాడుతూ తిరిగొచ్చారు.

"ఇంక నీళ్లు పడినా, చెదలొచ్చినా దీనికేం కాదే" అంది అమ్మ.

మర్నాడు నాన్న దాన్ని తీసుకుని విదేశాంగ శాఖ ఆఫీసు లోపలికెళ్తే, నేను కారులో కూర్చున్నాను. కౌంటర్లో అతను ముద్ర రెండుసార్లు గుద్దాడట. తుడిచి చూస్తే సిరా అంతా అతని బొటనవేలికి అంటింది. "పడట్లేదమ్మా. ప్లాస్టిక్ లేనిది తెమ్మంటన్నాడు" అన్నాడు నాన్న నీరసంగా.

ఇంటికొచ్చి ఇస్త్రీపెట్టెతో ఒక మూల వేడి చేసి లాగాను. ప్లాస్టిక్‌తో పాటు అక్షరాలూ లేచొచ్చాయి. పోతే చరిత్ర మార్కులు పోకూడదూ? పోయింది లెక్కల్లో వచ్చిన 'ఏ' గ్రేడు.

కాలేజీ రిజిస్ట్రార్ ఈజిప్టు మేడమ్. పోగొట్టుకుంటే తప్ప రెండో ఒరిజినల్ ఇవ్వదు. పైగా ఆవిడ నడకని నేను క్లాసులో అనుకరిస్తుంటే గుమ్మంలో నిలబడి మొత్తం చూసిన మనిషి.

"టాక్సీలో పోయిందని చెబుదామే అమ్మా."

"నోర్ముయ్. దేవుడు చూత్తన్నాడు."

అమ్మే ఆ పత్రాన్ని మేడమ్ ముందు పెట్టింది. తప్పు తనదేనని వచ్చీరాని అరబ్బీలో చెప్పింది. తన నర్సింగ్ సర్టిఫికెట్ తుఫానులో నానిపోయిందట. కొత్తదాని కోసం రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగిందట. ఈలోగా తనకొచ్చిన వీసా ఇంకొకరికి వెళ్లిపోయిందట. ఇవన్నీ నాకెప్పుడూ చెప్పలేదు. ఇన్నాళ్లూ నేనేసిన జోకులన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

మేడమ్ నా వైపు తిరిగింది. "ఇస్తాను. ముందు నా నడక నడిచి చూపించు."

అమ్మ ముందు, గోడ నుంచి గోడ దాకా నడిచాను. సీటు కోసం నడిచాను.

"ఎడమ కాలు అంతగా ఈడ్వను" అని మేడమ్ కత్తెర తీసి, పాతదాన్ని రద్దు చేయడానికి దాని మూల కత్తిరించబోయింది. ప్లాస్టిక్ ఓ పట్టాన తెగలేదు. అమ్మ ముఖంలో గర్వం దాగలేదు. కొత్తది పెట్టిన కవరు మీద 'లామినేషన్ చేయరాదు' అని రెండు భాషల్లో రాసిచ్చింది మేడమ్. దారి పొడవునా అమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. కింది కొట్టు వైపు తలెత్తి చూడలేదు.

ముద్ర వేయించుకుని, గడువుకి రెండు రోజుల ముందు అది యూనివర్సిటీకి చేరింది. సీటు దక్కింది.

రెండేళ్లకి డిగ్రీ పట్టుకొచ్చాను. అమ్మ ముట్టుకోకుండా దూరం నుంచే చదువుకుంది. దాని మీద పడాల్సిన ముద్రలన్నీ పడేదాకా ఆగి, నేనే తీసి ఆమె చేతిలో పెట్టాను.

"కొట్టు ఇంకా తీసే ఉంటుందమ్మా" అన్నాను.