నా చేతిల పెన్ను, దీవెన చెప్పిన జవాబు

అయ్యగారికి, అమ్మగారికి, ముందట చాపల మీద కూసున్న తల్లులకు, వెనుక నిలబడ్డ తమ్ముళ్లకు అందరికీ ప్రభువు పేరిట వందనాలు చెప్తున్న. నా పేరు విమల. మట్టెవాడల మా ఆయనకు చిన్న నెట్ సెంటర్ ఉన్నది, జిరాక్సులు తీస్తం, నౌకరీల అప్లికేషన్లు నింపుతం. ఈడ ఉన్న పిల్లలల్ల సగం మంది హాల్‌టికెట్లు నా చేతుల మీదనే ప్రింటయినయి. ముందే చెప్తున్న, నాకు ఉద్యోగం రాలేదు. ఉద్యోగం వచ్చినోళ్లే గద ఈడ నిలబడి సాక్ష్యం చెప్పేది, మరి ఈమె ఎందుకు లేసిందని అనుకుంటరేమో, జర ఓపిక పట్టి వినుండ్రి.

సహోదరులారా, నేను ఇంటర్ పాసైన ఏడాది మా నాయన ఒక మాట అన్నడు, క్లర్కు నౌకరికి ఇంటర్ చాలు బిడ్డా, డిగ్రీ అని మూడేండ్లు ఎందుకు పాడు చేసుకుంటవ్ అని. ఆ మాట నాకు తియ్యగ వినబడ్డది. డిగ్రీల చేరినదాన్ని ఆర్నెల్లకే మానేసి కోచింగుకు పోయిన. అప్పటిసంది క్లర్కు పరీక్ష ఏది పడ్డా ఇడిసిపెట్టలే, ఒకసారి రెండు మార్కులు తక్కువైనయి, ఒకసారి అర మార్కు తక్కువైంది, ఒకసారి రాత పరీక్ష పాసై టైపింగుల తప్పిన, ఇంకోసారి అన్నీ మంచిగ రాసిన్ననుకుంటే కోర్టు కేసుల పడి ఆ పరీక్షే రద్దయింది. నడుమ పెండ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టిన్రు, చిన్నదాన్ని ఒళ్లె పండబెట్టుకొని రీజనింగ్ లెక్కలు చేసిన. ప్రతి పరీక్షకు ముందు ఒక్కటే ప్రార్థన, ప్రభువా, ఈసారి ఇయ్యి, సంఘంల నిలబడి నీ పేరు గొప్పగ చెప్త అని.

ప్రభువుతోని నేను బేరం పెట్టుకున్న గని, ఆయన ఒప్పుకున్నట్టు ఏనాడూ చెప్పలేదు.

ఇగ నా లోపటి రోగం సంగతి చెప్త. మా సెంటర్ల నేను అప్లికేషన్ నింపిన పిల్లలకు ఒక్కొక్కరికి నౌకరి వచ్చేది. స్వీట్ డబ్బ తెచ్చి, అక్కా నీ చెయ్యి మంచిది అనేటోళ్లు. నవ్వుకుంట స్వీటు నోట్లె ఏసుకునేదాన్ని, వాళ్లు మెట్లు దిగంగనే కడుపుల మంట లేసేది. మా ఆయన, ఎందుకే ఆ మొఖం అంటే పిల్లలు అల్లరి చేస్తున్నరని ఆయన మీద ఇరుసుకపడేదాన్ని, పిల్లలేమో బడిల ఉండేటోళ్లు. సంఘంల సాక్ష్యాల టైం రాంగనే నీళ్లు తాగొస్తనని బయటికి పోయి, ఫలానా చెల్లెకు ఉద్యోగం వచ్చిందని లోపట చప్పట్లు కొడుతుంటే అవి అయిపోయేదాక చెప్పుల కాడ నిలబడేదాన్ని. తిన్నది అరుగకుంటే దవాఖానకు పోతం, పక్కోళ్ల మంచి అరుగకుంటే యాడికి పోతం చెప్పుండ్రి.

ఇట్లుండంగ మల్ల ఒక నోటిఫికేషన్ పడ్డది, ఇంటర్ అర్హత మీద క్లర్కు పోస్టులు. పొద్దుగాలనే కంప్యూటర్ ముందట కూసొని అందరికంటే ముందు నా అప్లికేషనే తెరిచిన. పుట్టిన తేదీ కొట్టంగనే ఎర్ర అక్షరాలు వచ్చినయి, మీ వయసు పరిమితి దాటిందని. నాలుగు నెలలు, సహోదరీలారా, నాలుగే నెలలు. తేదీ తప్పు కొట్టిన్ననుకొని మల్ల కొట్టిన, మల్ల అవే ఎర్ర అక్షరాలు. ఆ దినం నేను చేసిన ప్రార్థన చెప్పనీకే సిగ్గయితది గని చెప్త. ప్రభువా, అందరి అప్లికేషన్లు చూసినవ్, నాది ఒక్కటే చూడలే, ఇగ నీకూ నాకూ ఏం లేదు. అట్లని ఆదివారం సంఘానికి రావుడు బందు పెట్టిన.

మూడో వారం మన పాస్టరమ్మగారు సెంటరుకే వచ్చిన్రు. పక్కకు దీవెన ఉన్నది. మీ అందరికీ తెలిసిన పిల్లనే, నర్సంపేట దిక్కు వాళ్లది, పుట్టుకతోనే కండ్లు కనబడవు, కాశిబుగ్గల చిన్నమ్మ ఇంట్ల ఉండి బి.ఏ. పూర్తి చేసింది. అదే క్లర్కు పరీక్షకు దీవెన అప్లికేషన్ నింపాలె. నాకు దాటిపోయిన పరీక్షనే ఇంకొకళ్లకు నా చేతులతోని నింపుతున్నని పండ్లు కొరుక్కుంట నింపిన. అందుల ఒక గడి ఉంటది, పరీక్ష రాసిపెట్టే మనిషి కావాల్నా అని, ఆ మనిషిని స్క్రైబ్ అంటరు. రూలు చదివి వినిపిచ్చిన. స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువుకంటే ఒక మెట్టు తక్కువుండాలె. దీవెనది డిగ్రీ గనుక స్క్రైబ్‌ది ఇంటరే ఉండాలె.

అమ్మగారు ఏళ్లు మడుసుకుంట లెక్కపెట్టిన్రు. ఆ పిల్లది డిగ్రీ, ఈ పిల్లగానిది బీటెక్, ఇంకొకామె బీఈడీ. మిగిలినోళ్లు పదోది తప్పినోళ్లు.

"మన సంఘంల ఇంటర్ కాడ ఆగినోళ్లు ఎవరన్న ఉన్నరా విమలా?" అన్నరు. ఆ తల్లి మనసుల ఏం లేదు, మామూలుగనే అడిగిన్రు.

జిరాక్స్ మిషిన్ ఎనుక నుంచి మా ఆయన తల ఎత్తిండు. "యాడనో ఎతుకుడు ఎందుకమ్మా, మా ఇంట్లనే ఉన్నది గద."

ఆ మనిషిని ఆయన చేతుల ఉన్న మిషిన్ ఇంకు డబ్బతోనే కొడ్దామనిపించింది. పదహారేండ్లు దాసుకున్న సిగ్గును బజార్ల పెట్టిండు. కాదందామనుకున్న గని దీవెన చెయ్యి ముందుకు చాపి గాలిల నా చెయ్యి ఎతుకుతాంది. ఎట్ల కాదంట చెప్పుండ్రి.

నెల దినాలు మధ్యాన్నం పూట కాశిబుగ్గకు పోయి దీవెనకు పాత పేపర్లు చదివి వినిపిచ్చిన. ఆ పిల్ల అరచేతి మీద ఏలుతోని రాసుకుంట ఎంత పెద్ద లెక్కైనా చేస్తది. ఒకనాడు నవ్వుకుంట అన్నది, "అక్కా, ఒప్పు జవాబు కాడికి రాంగనే నీ గొంతు మెత్తగ అయితాంది. అట్ల చదువకు. నాకు నీ గొంతు చెప్పిన మార్కులు వద్దు, నా మార్కులు నాకు రానీ." ఆ నిజాయితీ చూసి ముచ్చటేసింది. ముచ్చటేసిన గుండెలనే, ఈమెకు వస్తది, నాకు రాలేదు అన్న మంట కూడ ఉన్నది. రెండూ ఒక్క ఇంట్లనే కాపురం చేసినయి.

పరీక్ష దినం మాకు ఏరే రూమిచ్చిన్రు. దీవెన, నేను, తలుపు కాడ కుర్చీల ఒక సారు. నేను ప్రశ్న చదువాలె, ఆమె జవాబు చెప్పాలె, జవాబు కాయితం మీద ఆమె చెప్పిన నంబరు గుండ్రాన్ని నేను పెన్నుతోని నింపాలె. పెన్నుతోని నింపినంక దిద్దనీకి ఉండదు. ముప్పై ప్రశ్నలు మంచిగ నడిచినయి. తర్వాత ఒక లెక్క వచ్చింది. ఇద్దరు కలిసి ఒక పనిని ఆరు దినాల్ల చేస్తరు, అండ్ల ఒకడు ఒంటిగ పది దినాల్ల చేస్తడు, రెండోవాడు ఒంటిగ ఎన్ని దినాల్ల చేస్తడు. దీవెన అరచేతుల రాసుకొని, "మూడోది అక్కా, పదిహేను దినాలు" అన్నది. ఒప్పే. అట్లాంటి లెక్క కాడనే నాకు ఒకసారి అర మార్కు పోయింది.

నా పెన్ను మొన రెండో గుండ్రం మీదికి పోయింది.

అబద్ధం చెప్తలేను, దేవుని సన్నిధిల నిలబడి చెప్తున్న. ఎవ్వలకు తెల్వది. సారు కిటికీల నుంచి బయటికి చూస్తుండు. ఆ పిల్లకు కనబడది. ఒక్క గుండ్రం నింపితే చాలు, నా కడుపుల మంట చల్లారుతదని మనసు చెప్తాంది. అది దయ్యమని చెప్పి తప్పించుకోను, అది నేనే. చెయ్యి పక్కకు తీద్దామంటే వస్తలేదు. నాలుగు నెలల సంది ప్రార్థన మానేసినదాన్ని, ఏం మాటలు రాలే. ప్రభువా, నా చెయ్యి నా మాట ఇంటలేదు, నువ్వు పట్టుకో, గంతే అన్న. ఎంతసేపు అట్లున్ననో తెల్వది. ఉరుములు, మెరుపులు ఏం రాలే సహోదరులారా, నా చెయ్యి మెల్లగ జరిగి మూడో గుండ్రం నింపింది. నా కండ్లల్లకెళ్లి నీళ్లు కారినయి, ఆన్సర్ షీట్ మీద పడకుండ కొంగు అడ్డం పెట్టుకున్న.

ఇంకో గంటకు ఏమైందో వినుండ్రి, నవ్వొస్తది మీకు. ఒక జీకే ప్రశ్నకు దీవెన తప్పు జవాబు చెప్పింది. నాకు ఒప్పు తెలుసు, పదహారేండ్లు చదివిన ప్రశ్న అది. ఇందాక తప్పు పెడ్తనని పోరిన చెయ్యి ఇప్పుడు ఒప్పు పెడ్తనని పోరుతాంది! ఆ పిల్లకు ఒక మార్కు పోతాందని నా పానం కొట్టుకుంటాంది. అయినా ఆమె చెప్పిందే నింపిన, ఆమె మార్కులు ఆమెవి. బయటికి వచ్చినంక మెట్ల మీద కూసున్నప్పుడు తెలిసింది నాకు, కడుపుల మంట లేదు. ఎతికిన, లేదు. ఎన్నేండ్ల రోగమో, మందు లేకుండ, మాత్ర లేకుండ నా ప్రభువు దాన్ని తీసేసిండు. దేవునికే స్తోత్రం.

ఇగ రిజల్టు వచ్చేదాక నా ఫికరంతా ఆ ఒక్క మార్కే. నా పరీక్షలకు కూడ అంత ఏడ్చి ప్రార్థన చెయ్యలే. ప్రభువా, ఆ మార్కు లేకున్నా ఆ పిల్లకు ఇయ్యి, ఆ పిల్లకు ఇయ్యి. లిస్టు వచ్చిన దినం దీవెన నంబరు చూసి సెంటర్ల ఎంత గట్టిగ అరిసిన్ననో, పక్క దుకాణపాయన షాక్ కొట్టిందనుకొని ఉరికొచ్చిండు. స్వీట్ డబ్బ నేనే కొని కాశిబుగ్గకు పోయిన. ఇయ్యాల ఆ బిడ్డ నర్సంపేటల ఆఫీసుకు పోతాంది, కంప్యూటర్ చదివి చెప్పుతుంటే ఇయర్‌ఫోన్ చెవుల పెట్టుకొని విని ఉత్తరాలు టైపు చేస్తాంది.

అయినా నా లోపల ఒక ముల్లు ఉండె. ఆ రెండో గుండ్రం సంగతి చెప్పకుండ ఆమె పెట్టిన చాయ ఎట్ల తాగుదు. ఆఫీసుల చేరే ముందు దినం పోయి అంతా చెప్పేసిన. తిట్టినా పడుదాం, ఇగ మాట్లాడకున్నా పడుదాం అనుకున్న. దీవెన నా చెయ్యి ఎతికి పట్టుకున్నది.

"ఆ లెక్క కాడ నీ పెన్ను ఆగింది అక్కా," అన్నది. "నాకు వినబడ్డది. ఏందో తెల్వది గని నువ్వు దేనితోనో కొట్లాడుతున్నవనిపించింది. అందుకే మల్లమల్ల అడుగలే. నీకోసం ప్రార్థన చేసుకుంట కూసున్న."

"భయం కాలేదా బిడ్డా?" అన్న.

"అయింది. మస్తు భయమైంది. గని ఆ రూముల నాకు నువ్వు తప్ప ఎవరున్నరక్కా."

నేను నా చెయ్యి పట్టుకొమ్మని దేవుణ్ని అడుగుతున్నప్పుడు, ఏ పిల్ల బతుకును నా చెయ్యి పాడు చేయబోయిందో ఆ పిల్లనే పక్కకు కూసొని నాకోసం అడుగుతాంది, సహోదరులారా. ఆ పిల్ల ఒళ్లె తల పెట్టి ఏడ్చిన. ఈ మాట సంఘంల చెప్పమన్నది కూడ దీవెననే, అగో ఆ గోడ కాడ కూసొని నవ్వుతాంది చూడుండ్రి. దేవునికే మహిమ.

ఇగ ముగిస్త. మనలో చానమంది నాకు ఇది లేదు, అది లేదని దేవుని మీద అలిగి కూసున్నం. నేను అలిగిన, నాకు తెలుసు ఆ అలక ఎంత చేదుగ ఉంటదో. మీ లోపలి మంటను ఆయనకు చెప్పుండ్రి, మంచి మాటలు రాకున్నా సరే, ఆయన నమ్మదగినోడు. ఇంకొక్క మాట. వచ్చే నెల పరీక్షకు కనబడని పిల్లలు ఇంకో ముగ్గురు స్క్రైబ్ కోసం ఎతుకుతున్నరు. డిగ్రీ ఉన్నోళ్లు పనికిరారు. ఇంటర్ కాడ ఆగినోళ్లు, డిగ్రీ నడుమ ఇడిసిపెట్టినోళ్లు, ఎవరన్న అడిగితే మాట మార్చేటోళ్లు ఈడ ఉన్నరని నాకు తెలుసు, మీ అప్లికేషన్లు నింపింది నేనే గద. సిగ్గుపడకుండ్రి. చేతులు ఎత్తుండ్రి, పేర్లు రాసుకుంట.