ఆకు తిప్పి సూడు బేటీ

మా ఇంటి ఓనరు ఖాలా చనిపోయింది. ఆ పొద్దున నేను నల్లా కింద బిందె పెట్టి నిలబడి ఉన్నాను. ఖాలా కోడలు గడపలోకి వచ్చి, "అమ్మీ ఇగ లేదు" అని ఒక్క మాట చెప్పి లోపలికి పోయింది. బిందె నిండి నీళ్లు నా కాళ్ల మీది నుంచి పారుతున్నాయి. నీళ్లు వృథాగా పోతే ఖాలా ఊరుకునేది కాదు. అది గుర్తొచ్చాకే నల్లా కట్టేశాను.

ఖాలా అంటే పిన్ని. ఇస్నాపూర్‌లో మా గల్లీ నిండా ఫ్యాక్టరీలకు పోయేవాళ్ల కిరాయి రూములే. మేము, బీహార్ వాళ్లు, ఒడిశా వాళ్లు అందరం ఆమెను ఖాలా అనే పిలిచేవాళ్లం. కొత్తగా రూములో దిగినవాళ్లకు ఆమె ఒక ఆకు ఇచ్చేది. అది బిగోనియా ఆకు. పైన వెండి చారలు, కింద తాంబూలం వేసుకున్న నోరులా ఎరుపు. ఆ ఆకు ఈనెలను బ్లేడుతో అక్కడక్కడ కోసి తడి ఇసుక మీద పరిస్తే, కోసిన చోటల్లా చిన్న మొక్క లేస్తుంది. నాకు ఆ ఆకు ఇచ్చిన రోజు మా ఆయనను అడిగింది, "ఏం బాబూ, నీ పెండ్లాం మాట్లాడదా?"

"మాట్లాడుతది ఖాలా. రేషన్ బియ్యం లెక్క, నెలకొక్కసారి" అన్నాడు ఆయన.

ఖాలా నవ్వలేదు. "మాట ఉంటది లోపల. జెర తొందరపెట్టకు" అంది.

ఆమె మొక్కలు చూసుకునే తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది. పొద్దున్నే పాత చాయ్ కెటిల్‌తో నీళ్లు పోసేది. దాని సన్నటి ముక్కును ఆకుల కిందికి పోనిచ్చి, మట్టి మీదే పోసేది. ఒక్క చుక్క ఆకు మీద పడినా కొంగుతో అద్దేది. "తాగేది వేరు. ఆకుకు తానం ఎందుకు?" అనేది. పోసే ముందు మట్టిలో వేలు పెట్టేది. వేలికి తడి తగిలితే ఆ పూట నీళ్లు లేవు. కుండీకీ కుండీకీ మధ్య జానెడు జాగా ఉండాల్సిందే. నేను దగ్గర దగ్గరగా సర్దితే వచ్చి జరిపింది. "కిరాయి రూములా ఇవి? గాలి ఆడాలె గదా" అంది. రూములు కట్టించిన మనిషే ఆ మాట అంటే నాకు నవ్వు ఆగలేదు. ఆమె ముందు నేను పైకి నవ్వడం అదే మొదలు.

పోయిన చలికాలం మా కుండీల ఆకుల మీద తెల్లటి పొడి కనిపించింది. మేమెవ్వరం పట్టించుకోలేదు. మా వైపు తెల్లారేసరికి కిటికీ చువ్వల మీద, ఆరేసిన బట్టల మీద ఫ్యాక్టరీ దుమ్ము ఉండేదే. ఇదీ అదే అనుకుని గల్లీలో ఆడవాళ్లమందరం తడిగుడ్డతో తుడిచాం. ఒక ఆకు తుడిచిన గుడ్డతోనే ఇంకో ఆకు. తుడిచిన కొద్దీ ఎక్కువైంది. ఒకరోజు ఖాలా మా కిటికీ దగ్గర ఆగి ఒక ఆకును వేలితో మెల్లగా తిప్పింది. కింద ఎర్రటి వైపు కూడా తెల్లగా ఉంది.

"దుమ్ము మీదికెల్లి పడ్తది బేటీ. కిందికెల్లి ఎట్ల పడ్తది?" అంది. "గిది దుమ్ము గాదు. తెగులు. బూజు తీరుగ పాకుతది."

ఆమె కుండీలోనూ వచ్చింది. అది సంగారెడ్డిలో తల్లిగారింటి నుంచి పెళ్లికూతురుగా వస్తూ తెచ్చుకున్న మొక్క. ఆ ఇల్లు ఎప్పుడో అమ్ముడుపోయింది. అక్కడి మొక్కలో మిగిలింది మా గల్లీలో ఉన్నదే. "తెల్లబడ్డ ఆకు ఒక్క ఇంట్ల ఉంచినా గాలికి మళ్ల అందరిండ్లల్లకొస్తది. అందరు ఒక్కపారే కొయ్యాలె. నా మోకాళ్లు మెట్లెక్కవు. నువ్వు పోయి చెప్పు" అంది.

"నేనా?" అన్నాను.

"మరి నేను సదువుకున్ననా, నువ్వు సదువుకున్నవా?"

నేను చదివింది ఐదో తరగతి. అయినా పోయాను. ముందు టైలర్ అక్క ఇల్లు.

"ఓ, నీకు నోరున్నదా?" అంది అక్క మిషన్ ఆపకుండానే. "దుమ్మేనే అది. మా ఇంట్ల అన్నం మీద గూడ గదే పడ్తది."

ఖాలా మాటే నోటికొచ్చింది. "దుమ్ము కిందికెల్లి ఎట్ల పడ్తదక్కా? ఆకు తిప్పి సూడు."

అక్క తిప్పి చూసింది. మిషన్ మీది కత్తెర తీసి నా చేతికిచ్చింది.

మేడ మీద బీహార్ భాభీకి తెలుగు రాదు, నాకు హిందీ రెండు ముక్కలే వచ్చు. "భాభీ, పత్తా పల్టావ్" అని, ఆకు తిప్పమని చేత్తో చూపించాను. ఆమెకు అర్థమైంది. ఆ రోజు అన్ని తలుపులూ తట్టాను. సాయంత్రానికి గల్లీలో నా పేరు పల్టావ్ వాలీ అయింది.

తెల్లబడ్డ ఆకులన్నీ కోసి కవర్లలో మూతి కట్టి చెత్త బండికి ఇచ్చాం. కుండీ కుండీకీ కత్తెరను స్పిరిట్‌తో తుడిచాం. ఖాలా కొడుకు పటాన్‌చెరు నుంచి పంటలకు కొట్టే మందు తెచ్చాడు. దాని మీద రాసింది కూడబలుక్కుని చదివి వినిపించాను. "పిల్లలు పండుకునే రూముల గిది వద్దు" అని ఖాలా తిప్పి పంపింది. నీళ్లలో చిటికెడు వంట సోడా, రెండు చుక్కల గిన్నెలు కడిగే సబ్బు కలిపించింది. ముందు ఒక్క ఆకు మీద చల్లించి, అది మాడలేదని చూశాకే మిగతా వాటికి రెండు వైపులా చల్లనిచ్చింది.

ఖాలా కుండీలో ఒక్క ఆకే మిగిలింది. మేము రోజూ దాన్నే చూసేవాళ్లం. చలి తగ్గాక దాని పక్కన పిడికిలి ముడిచినట్టు కొత్త ఆకు లేచింది. విచ్చుకున్నాక ఖాలా నన్ను పిలిచింది. తాను తిప్పలేదు. "నువ్వు తిప్పు" అంది. కింద ఎర్రగా, నున్నగా, మచ్చ లేకుండా ఉంది. ఆ తర్వాత చుట్టాలెవరు వచ్చినా నన్ను చూపించి ఒకటే మాట చెప్పేది. "గీ పిల్ల గల్లీ మొత్తం తిప్పింది."

ఎవరి గురించైనా నలుగురిలో గర్వంగా చెప్పడం నాకు రాదు. ఖాలా నా గురించి చెప్పింది, కాబట్టి ఆమె గురించి నేను చెప్పాలి. పుట్టింటి మొక్కను తన ఒక్క ఇంట్లో దాచుకోకుండా ఊరు కాని ఊరు వచ్చిన మా అందరి ఇళ్లలో పెట్టిన మనిషి మా ఖాలా.

మూడో రోజు జియారత్‌కు, పోయినవాళ్ల కోసం చేసే ప్రార్థనకు, గల్లీ ఆడవాళ్లమందరం పోయాం. లోపల ఖురాన్ చదువుతున్నారని కాసేపు వరండాలో నిలబడ్డాం. అక్కడి కిటికీలో ఖాలా కుండీ ఉంది. నిండా ఆకులు. టైలర్ అక్క కళ్లు తుడుచుకుని, అదే వేలితో ఒక ఆకును తిప్పి చూసింది. తర్వాత బీహార్ భాభీ. ఆమె వెనక ఇంకొకరు. లోపలికి రమ్మని కోడలు పిలిచేదాకా, ఒక్కో చేయి పోయి ఆకును తిప్పుతూనే ఉంది. తిప్పినప్పుడల్లా ఆ కిటికీలో ఎర్రగా మెరిసింది.